ఏం చూశావో చెప్పమ్మా

నిన్న మధ్యాహ్నం ల్యాబ్‌లో మెషిన్ స్విచ్ ఆపి దాని పెట్టె తలుపు మీద చెయ్యి వేశాను. వేసిన చేతిని వెంటనే వెనక్కి లాక్కున్నాను. గదిలో ఎవరూ లేరు. బయట వాన పడుతోంది. గాలిలో తేమ లాగే యంత్రం ఒక్కటే మూలన గురగురలాడుతోంది. అయినా నా భుజం వెనక ఎవరో నిలబడి "కరెంటు చచ్చిందనుకోకమ్మా" అన్నట్టయింది. గోడకి తగిలించిన రాగి కడ్డీ తీసుకుని, తలుపు తెరిచి, ముందు లోపలి సూదికి తాకించాను. టిక్కుమని నీలం రంగు మెరుపు ఒకటి వచ్చి పోయింది. మీటరు సున్నా చూపిస్తోంది. కరెంటు ఆపి అప్పటికే చాలాసేపయింది. అయినా అది అక్కడే కాచుకుని ఉంది.

ఆ మాట అనే మనిషి పోయి నెల దాటింది.

ఆయన నాకు గైడు. రాజమహేంద్రవరంలో మేం పనిచేసే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆయనంత భయస్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. లిఫ్టు ఎక్కేవారు కాదు. ఫోను చార్జింగులో ఉంటే ఎవరు చేసినా ఎత్తేవారు కాదు. బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి సీట్లోంచి లేచి తలుపు దగ్గరకు వెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడేవారు. వంతెన దాటాక మళ్ళీ వెనక్కి వచ్చేవారు. ఈలోపు ఆ సీటు ఇంకెవరికో పోయేది. మిగతా దారంతా నిలబడే వెళ్ళేవారు.

ఆయనది సముద్రం ఒడ్డు ఊరు. తాతముత్తాతల నుంచి వేటకు వెళ్ళే కుటుంబం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"సముద్రం వాళ్ళు కదా సార్, గోదారంటే మీకు భయమేంటండి?"

"సముద్రం వాళ్ళం కాబట్టేనమ్మా," అన్నారు. "మా పేటలో ధైర్యవంతులందరి ఫోటోలకీ దండలున్నాయి. మా నాన్న పిరికోడు. గాలి వాసన తేడాగా ఉందని సగం రోజులు పడవ దింపేవాడు కాదు. అందరూ ఎగతాళి చేసేవారు. ఆయన మాత్రం ముసలాడై, మంచం మీద పడుకుని, మా అమ్మ చేతి గంజి తాగి పోయాడు."

నేను భయం పాపమని నేర్చుకుని పెరిగినదాన్ని. కాలవ గట్టు మీది మా సంఘంలో సండే స్కూలు గోడకి ఒక బొమ్మ ఉండేది. తుఫానులో పడవ, పడవలో వణుకుతున్న శిష్యులు, లేచి నిలబడ్డ ప్రభువు. ఎందుకు భయపడ్డారని ఆయన వాళ్ళని కోప్పడిన సంగతి మాకు చదువు రాకముందే వచ్చు. మా అమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. నాన్న పోయిన రోజు కూడా ఆవిడ నోట భయం అన్న మాట రాలేదు. నేనూ ఆవిడ కూతుర్నే. అందుకే ల్యాబ్‌లో మొదటిరోజు ఆయన "కరెంటంటే భయమా అమ్మా?" అని అడిగితే తల ఎత్తి "లేదు సార్. నాకు దేవుడున్నాడు" అన్నాను.

ఆయన నవ్వలేదు. పెట్టెకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశారు.

"మంచిదమ్మా. ఆయన్ని కూడా ఓ అడుగు వెనక్కే నిలబడమను."

ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికెళ్ళి అమ్మతో చెబితే అమ్మ పడీపడీ నవ్వింది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. భీమవరం వైపు నుంచి రొయ్య పెంకులు గోనెసంచుల్లో వచ్చేవి. వాటిని ఆమ్లంలో, క్షారంలో ఉడికించి తెల్లటి పొడి తీస్తాం. దాని పేరు కైటోసాన్. దాన్ని ఇంకో పాలిమర్‌తో కలిపి జిగురులా కరిగించి, అందులో కంటికి కనపడనంత చిన్న వెండి రేణువులు కలుపుతాం. ఆ జిగురును సిరంజిలో పోసి, సూదికి వేల వోల్టుల కరెంటు ఇస్తాం. సూది కొసన వేలాడుతున్న బొట్టు మెల్లగా సాగి శంకులా మారుతుంది. ఆ శంకు మొన నుంచి ఒక పోగు బయటకు దూకి, కొరడాలా గిరగిరా తిరుగుతూ ఎదుటి రేకు మీద పడుతుంది. అది తలవెంట్రుక కంటే కొన్ని వందల రెట్లు సన్నం. పోగు మనకు కనిపించదు. కొంతసేపటికి రేకు మీద పాల మీగడ లాంటి పొర ఒకటి తేలుతుంది. పుండు మీద కట్టడానికి పనికొచ్చే గుడ్డ అది. క్రిముల్ని లోపలికి రానివ్వదు, గాలిని రానిస్తుంది. పుండులోంచి కారే నీళ్ళకి కరిగిపోకుండా ఆ పొరను ఒక ఘాటైన రసాయనం ఆవిరి పట్టించి గట్టిచేస్తాం. ఆ రసాయనం ఏ కాస్త లోపల మిగిలినా ఒంటిని కాలుస్తుంది. ఆయన భయాలన్నిట్లోకీ పెద్ద భయం అదే.

వర్షాకాలం వస్తే మా పని పాడు. గాలిలో తేమకి పోగు సాగదు, మధ్యలో పూసలు పూసలుగా ముడిపడిపోతుంది. ఆ సంగతి ఇక్కడ కంటికి తెలియదు. ముక్కను విశాఖపట్నం పంపి, బంగారం పూత పూయించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టిస్తే తెలుస్తుంది. ఆ ఫోటోలు వచ్చినప్పుడు ఆయన్ని చూడాలి. స్క్రీన్ మధ్యకి వెళ్ళేవారే కాదు. మూలల నుంచి మొదలుపెట్టేవారు. అక్కడి ఆపరేటరుకి ఫోన్ చేసి, "బాబూ, బాగున్న చోటు తీశావు, సంతోషం. ఇప్పుడు అసహ్యంగా ఉన్న చోటు తీసి పంపు నాన్నా" అని బతిమాలేవారు. మిగతా వాళ్ళందరూ మంచి ఫోటో కోసం ఆ ఆపరేటరుని పీడించేవారు. ఈయన ఒక్కరే చెడ్డ ఫోటో కోసం పీడించేవారు.

భయాన్ని ఆయన దాచుకునేవారు కాదు. డిపార్ట్‌మెంట్ మీటింగులో, పెద్దవాళ్ళ ఎదుట, మామూలుగా టీ తాగుతూ "ఆగండి, నాకు భయంగా ఉంది" అనేవారు. మాలో ఎవరైనా భయంగా ఉంది సార్ అంటే మాత్రం ధైర్యం చెప్పేవారు కాదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని "ఏం చూశావో చెప్పమ్మా" అనేవారు.

"ఏం చూడలేదు సార్. ఊరికే భయమేసింది."

"ఊరికే వెయ్యదు. కన్ను చూసేసింది, బుర్రకింకా చెప్పలేదు. ఏం చూశావ్? వైరా, బొట్టా, వాసనా?"

అలా అడగ్గా అడగ్గా ఏదో ఒకటి బయటపడేది. ఒకసారి సూదికి పోయే వైరు మీద తొడుగు పగిలిందని తేలింది. ఇంకోసారి ఏమీ లేదని తేలింది. ఏమీ లేదని తేలినా ఆయన విసుక్కునేవారు కాదు, తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవారు.

ఒక వేసవిలో నాకు అద్భుతమైన ఫలితం వచ్చింది. మా గుడ్డ నీటిని పీల్చుకోవాలి. ఆ రోజు నేను చుక్క వేస్తే అది పీల్చుకోకుండా ముత్యంలా నిలబడింది. ఇంకో చుక్క వేస్తే అదీ నిలబడింది. రొయ్య పెంకు గుడ్డ నీటిని తోసేయడం ఎవరూ చూసి ఉండరు. డిపార్ట్‌మెంట్ అంతా వచ్చి చూసింది. హెడ్ గారు పేపరు రాసెయ్యమన్నారు. స్తోత్రం చెప్పుకుంటూ నేను మూడు పేరాలు రాసేశాను కూడా.

ఆయన వచ్చి చూసి మొహం మాడ్చుకున్నారు.

"నాకు భయంగా ఉందమ్మా."

"ఎందుకు సార్? బాగా వచ్చింది కదండీ."

"అదే భయం. ఇంత బాగా రాకూడదు." ఇంకు ఫిల్లరు తీసుకుని షీటు నడిమధ్య ఒక చుక్క వేశారు. అది చిటికెలో ఇంకిపోయింది. అంచున వేశారు. ముత్యంలా నిలబడింది. "నువ్వు తలుపు తీసుకుని లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఏం చేస్తావో మళ్ళీ చేసి చూపించు."

చేశాను. చెప్పులు విడిచాను, కోటు వేసుకున్నాను, రేకు మీద నుంచి పొరను వేళ్ళతో అంచులు పట్టుకుని ఒలిచాను. గ్లౌజులు వేసుకుంటే ఆ పొర సాలెగూడులా గ్లౌజుకే అతుక్కుపోతుంది. అందుకని నేను ఉత్త చేతులతోనే తీసేదాన్ని. ఆయన నా చేతులకేసే చూస్తున్నారు. తర్వాత షీటు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"కొబ్బరినూనె ఎక్కడిదమ్మా?"

నా అరచేతులు చూసుకున్నాను. రోజూ ఇంట్లోంచి బయల్దేరేముందు అమ్మ నా నుదుటికీ అరచేతులకీ ప్రార్థన నూనె రాసేది. మా పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన సీసా అది. చేసే పని దీవించబడాలని.

పక్కన ఉన్న వాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వుతున్నారు. "అయితే మన పేపర్లో దేవుణ్ణి కూడా ఆథరుగా వెయ్యాలేంటండి" అన్నాడు ఒకాయన.

సార్ ఆయనకేసి తిరగను కూడా లేదు. "మీ అమ్మగారి నూనె మీ చేతికి ఉండనీ అమ్మా. తల్లి రాసింది ఎందుకు తుడుచుకుంటావ్? పైన గ్లౌజు వేసుకో. పొర అతుక్కుంటోందంటే దానిలో కరెంటు మిగిలుందన్నమాట. కడ్డీ ఇంకోసారి తాకించి అప్పుడు ఒలు," అన్నారు.

ఆ కడ్డీ కూడా ఆయన తయారుచేసిందే. ప్లాస్టిక్ పైపు పిడిగా పెట్టి, రాగి కడ్డీ బిగించి, దాని చివర నుంచి వైరు భూమిలోకి వేశారు. ప్రతిసారీ రెండుసార్లు తాకించమనేవారు. "మొదటిది మెషిన్ కోసం, రెండోది నా భయం కోసమమ్మా" అనేవారు.

ఇక అమ్మ సంగతి.

అమ్మ రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఏరి వేరుచేసే పనికి వెళ్ళేది. పొద్దున్నించి నిలబడే పని. షుగరు చాలా ఏళ్ళ నుంచి ఉంది. అరటి గెల కాడ ఒకటి చెప్పులోకి దూరి బొటనవేలి కింద గీరుకుపోయిందట. కాలికి స్పర్శ తగ్గిపోయింది కాబట్టి ఆవిడకి తెలియలేదు. తెలిసేసరికి వేలు నల్లబడింది. రాజమహేంద్రవరంలో ఆసుపత్రిలో చేర్చాం. రెండు వేళ్ళు వెంటనే తీసెయ్యాలి, ఆలస్యమయ్యేకొద్దీ పైకి పోతుంది అన్నారు డాక్టరుగారు. నర్సు వచ్చి ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ పాదం చుట్టూ పెన్నుతో గీత గీసింది. గీత దాటితే చెప్పమంది.

అమ్మ సంతకం పెట్టనంది.

"ఎందుకమ్మా?"

"ఆదివారం సాక్ష్యం చెప్పాను కదే అమ్మడూ."

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుణ్ణి ఏదైనా అడిగితే, అది రాకముందే వచ్చేసిందని నమ్మి, సంఘంలో లేచి నిలబడి కృతజ్ఞత చెబుతారు. విశ్వాసానికి అది గుర్తు. ఆసుపత్రిలో చేరే ముందు ఆదివారం అమ్మ కర్ర ఊతంతో లేచి నిలబడింది. నా కూతురి చేతుల్లో దేవుడు గుడ్డ నేయిస్తున్నాడు, అది నా కాలికి చుట్టుకుంటాను, ఈ కాలి మీద కత్తి పడదు, పొందానని నమ్ముతున్నాను అంది. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. అప్పటినుంచి పాస్టరుగారు మంచి మనసుతోనే పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి "ఆ గుడ్డ వచ్చిందా అమ్మా?" అని అడుగుతున్నారు.

గుడ్డ నిజంగానే ఉంది. అంతకుముందే చేసిన షీటు ల్యాబ్‌లో తేమ తగలని గాజు పాత్రలో ఉంది. దాని ముక్క ఒకటి కణాల మీద పరీక్షకి వేరే ఊరు పంపాం. ఫలితం రాలేదు. పాత్ర తాళం సార్ దగ్గర ఉంటుంది.

మర్నాడు పొద్దున్న ల్యాబ్‌కి వెళ్ళి సార్‌ని అడిగాను.

"ఇవ్వను," అన్నారు ఆయన. కుర్చీలోంచి లేచి నిలబడి, చేతులు కట్టుకుని అన్నారు. "ఇవ్వలేనమ్మా. నాకు భయంగా ఉంది. ఆ రసాయనం లోపల మిగిలుందో లేదో తెలీదు. వెండి ఎంతైతే క్రిమి చస్తుంది, ఎంతైతే మనిషి చర్మం చస్తుంది, అదీ తెలీదు."

"నాకూ భయంగానే ఉంది సార్."

ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నేనే ఆగిపోయాను. ఆయన కుర్చీ దగ్గరకు లాగారు. కూర్చోలేదు.

"ఏం చూశావో చెప్పమ్మా."

పొద్దున్న అమ్మ మంచం దగ్గర గడిపిన సేపంతా గుర్తు చేసుకున్నాను. తర్వాత తెలిసింది. "చూడలేదు సార్. అమ్మ కాలి వాసన మారింది."

ఆయన తాళాలు సొరుగులో పడేసి "పద" అన్నారు.

దారి పొడవునా ఆటో కడ్డీ పట్టుకునే ఉన్నారు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఒకసారి ఆగి మొహం తుడుచుకున్నారు. వార్డులో అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. కూర్చోగానే ప్యాంటు కాస్త పైకి లేచింది. కుడి మోకాలి కింద తెల్లటి చతురస్రం ఒకటి, చుట్టూ ప్లాస్టరు. అది మా గుడ్డ.

అమ్మ చూడనే చూసింది. "కాలికేమైందండి మాస్టారూ?"

ఆయన దొంగలా ప్యాంటు కిందికి లాక్కున్నారు. "ఆకురాయితో గీసుకున్నానండి అమ్మగారూ. కట్టి చూద్దామని."

"బాగుందా?"

"నాకు బానే ఉందండి."

అమ్మ మొహం వెలిగిపోయింది. "చూశావా అమ్మడూ. దేవుడు ముందు మాస్టారి కాలు మీద చూపించాడు."

"నా కాలు సాక్ష్యం కాదండి," అన్నారు ఆయన. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారో, మా మాట ఆయన నోటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. "నాకు షుగర్ లేదు. నాది పైన గీసుకున్న గీత. మీది లోపల్నుంచి వస్తోంది. పైన ఏ గుడ్డ కట్టినా లోపల అది నడుస్తూనే ఉంటుందండి." "మీకు భయంగా లేదా అమ్మగారూ?"

"దేవుడి బిడ్డలకి భయమేంటండి?"

ఆయన వాదించలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. "నాకు ఉందండి. పొద్దున్నించి కాళ్ళు వణుకుతున్నాయి. మీ అమ్మాయికీ ఉంది. వాసన మారిందంది."

అమ్మ నాకేసి చూసింది. ఆ చూపు నాకు కొత్త. నా చిన్నప్పటి నుంచి అమ్మ కళ్ళలో ఎన్నో చూశాను గానీ, నన్ను ఆసరా అడిగిన చూపు అప్పటిదాకా చూడలేదు. పక్క మంచం వాళ్ళ రేడియోలో ఏదో ప్రకటన వస్తోంది. అమ్మ కాళ్ళ మీది కొంగు ఇంకాస్త కిందికి లాక్కుంది.

"ఉందండి," అంది.

"ఏం చూశారో చెప్పండమ్మా," అన్నారు ఆయన.

అమ్మ కాళ్ళ మీది చీర కొంగు మెల్లగా పక్కకి తీసింది. పెన్ను గీత ఉన్న చోటే ఉంది. ఎరుపు దాన్ని దాటి చీలమండ పైకి ఎక్కింది. నేను పొద్దున్న చూసినప్పుడు కొంగు కప్పుకుని, చలిగా ఉంది అంది.

"తెల్లారగానే చూశానండి. నర్సమ్మ వస్తే కప్పేసుకున్నాను. సంఘం ముందు చెప్పేశాను కదండీ. నా మాట పోతే పోయింది, దేవుడి మాట పోతుందేమోనని..."

అమ్మ మాట పూర్తి కాలేదు. ఆయన లేచి పరుగెత్తారు. లిఫ్టు ఎక్కని మనిషి, గట్టిగా మాట్లాడని మనిషి, వరండా పొడవునా "డాక్టరుగారండీ, గీత దాటిందండీ" అని అరుచుకుంటూ పరుగెత్తారు. ఒక చెప్పు మంచం పక్కనే ఉండిపోయింది.

అమ్మ సంతకం పెట్టింది. గంటలోపే లోపలికి తీసుకెళ్ళారు. ఈసారి రెండు వేళ్ళతో అయ్యేలా లేదు, పాదం ఎంతవరకు దక్కుతుందో లోపల చూసి చెబుతాం అన్నారు డాక్టరుగారు. మనిషి దక్కుతుందని ఆయన అనలేదు. అనకపోవడం విన్నాను.

బయట బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా. నేను కళ్ళు మూసుకున్నాను. నా జీవితంలో ప్రార్థన రాని రోజు అదొక్కటే. వచ్చిన వాక్యాలన్నీ ధైర్యంగా ఉండమనేవే. ఒక్కటీ నాకు సరిపోలేదు.

"ప్రార్థన చేసుకోమ్మా," అన్నారు ఆయన.

"రావట్లేదు సార్."

"భయంగా ఉందని చెప్పు. మీ దేవుడికి అది చెప్పకూడదా?"

చెప్పకూడదని ఎవరూ నాకు చెప్పలేదు. కీర్తనల నిండా ఉన్నది ఆ మాటే. గోతిలోంచి, వరదలోంచి, శత్రువుల మధ్య నుంచి అరిచిన అరుపులే. వాటికి రాగం కట్టి పాడీ పాడీ అవి భయపడ్డవాళ్ళు అన్న మాటలని నేను మరిచిపోయాను. ప్రభువా, నాకు భయంగా ఉంది అన్నాను. అంతకంటే ఇంకేమీ అనలేకపోయాను. తలుపు తెరుచుకునేదాకా అదే అంటూ ఉన్నాను.

అమ్మ బతికింది. పాదం ముందు సగం పోయింది. ఇంకో రోజు ఆగి ఉంటే నేను ఇప్పుడు రాస్తున్నది ఆవిడ గురించి అయ్యేదని డాక్టరుగారి మాటల్ని బట్టి అర్థమైంది.

కొన్నాళ్ళకి పరీక్ష ఫలితం వచ్చింది. మా షీటు మీద కణాలు బతికాయి. ఆ సంగతి నాకు చెప్పి ఊరుకుని ఉండొచ్చు. ఆయన ఆదివారం బస్సెక్కి, వంతెన మీద నిలబడి, మా ఇంటికి వచ్చారు.

"ఆ షీటు మంచిదేనంటండి అమ్మగారూ," అన్నారు వాకిట్లోనే.

అమ్మ కుర్చీ చూపించింది. "అయితే ఆ రోజు ఇచ్చుంటే ఎరుపు ఆగేదా మాస్టారూ?"

"ఆగేది కాదనే అనుకుంటున్నానండి. కానీ తెలియదు."

"తెలియదని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా? ఫోన్లో చెబితే సరిపోయేది కదండీ."

"ఫోన్లో అయితే మీ మొహం కనపడదు కదండీ."

అమ్మ ఆయనకి అన్నం పెట్టింది. రొయ్యల వేపుడు చేసింది. పెంకులు పారెయ్యకుండా పొట్లం కట్టి ఇచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నడవగలిగాక అమ్మ మళ్ళీ సంఘంలో లేచి నిలబడింది. "పోయినసారి చూడనిది చెప్పాను. తర్వాత చూసింది దాచాను. ఇప్పుడు చూసిందే చెబుతున్నాను. నాకు భయమేసింది. ఆ మాట అన్నాకే నన్ను బతికించారు," అని కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. అప్పుడు పాస్టరుగారు వేదిక దిగి వచ్చి, అమ్మ కుర్చీ పక్కన మోకరించి, మెల్లగా స్తోత్రం అన్నారు.

సెలవులకి సొంతూరు వెళ్ళిన సార్ అక్కడే పోయారని తెలిసి వెళ్ళాను. సముద్రం వినపడేంత దూరంలో ఇల్లు. వాళ్ళావిడ గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఆ రోజు పొద్దున్న లేస్తూనే భయంగా ఉందే అన్నారమ్మా," అన్నారు ఆవిడ. "ఆయనకి ఎప్పుడు లేదు గనక? బస్సెక్కినా అదే మాట, ఉరిమినా అదే మాట. ఏం భయం లేదండి అని మజ్జిగ ఇచ్చాను. మధ్యాహ్నం మళ్ళీ అన్నారు. మా మరిది ఉన్నాడు, నవ్వాడు. ఆయన కూడా నవ్వారు. ఇంకో గంటకే గుండె..." ఆవిడ చెంగుతో నోరు మూసుకుని, తీశారు. "నేను ఎప్పుడు భయమన్నా ఏం చూశావే, ఏం చూశావే అని పీక్కుతినేవారు. ఆయన్ని మాత్రం అడగాలని నాకు తోచలేదమ్మా."

నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను.

ఆయన మా సంఘం వారు కాదు. పట్టిసీమ వీరభద్రుడికి దణ్ణం పెట్టుకునేవారు. ఆయన ఎక్కడికి వెళ్ళారన్న తీర్పు నాది కాదు. నేను చదువుకున్న వాక్యంలో ఒకటి మాత్రం నాకు ఇప్పుడు తరచూ గుర్తుకొస్తుంది. దేవుడు ప్రవక్తలతో మాట్లాడేటప్పుడు చాలాసార్లు ముందు ఏమీ చెప్పడు. నీకు ఏం కనపడుతోంది అని అడుగుతాడు. వాళ్ళు చెప్పేదాకా ఆగుతాడు. ఇన్నేళ్ళూ ఆ భాగాలు నోటికి చదివాను గానీ, ఆ ప్రశ్న అడిగే గొంతు ఎలా ఉంటుందో నేను విన్నది ఆ ల్యాబ్‌లో, కుర్చీ దగ్గరకు లాక్కునే మనిషి నోట.

నిన్న రెండోసారి కడ్డీ తాకించినప్పుడు మెరుపు రాలేదు. అయినా కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. కొత్త చోటికి వెళితే ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయే మనిషి. ఇప్పుడు వెళ్ళిన చోట కూడా ఆగిపోయే ఉంటారు. చేతులు కట్టుకుని "నాకు భయంగా ఉందండి" అనే ఉంటారు. అక్కడైనా ఎవరూ ఏం భయం లేదులే అనకుండా, కుర్చీ దగ్గరకు లాక్కుని, ఏం చూశావో చెప్పమని ఆయన్ని అడగాలి. నా ప్రార్థన అంతే.